తిరస్కరణ లేఖకు జవాబు: మతం కారణంగా ఆశ్రయం కోరినవారి అప్పీళ్ల గురించి

అందరికీ నమస్కారం. మీలో కొందరు దుబాసీలుగా పనిచేస్తున్నారు. కొందరు ఆశ్రయం కోరి వచ్చినవాళ్లకు కాగితాల పనిలో సాయం చేస్తున్నారు. లా చదువుతున్నవాళ్లు కూడా ఉన్నారని చెప్పారు. సొంత కేసు మనసులో పెట్టుకుని వచ్చినవాళ్లు కూడా ఉండొచ్చు. ఎవరో నేను అడగను, మీరూ చెప్పక్కర్లేదు. అందరికీ అర్థమయ్యేలా, లాయర్ల భాష తగ్గించి మాట్లాడతాను.

అసైలం దరఖాస్తు తిరస్కరించారు, అప్పీలు చేయాలి అనగానే చాలామంది ఏం చేస్తారంటే, ఇంటర్వ్యూలో చెప్పిన కథనే మళ్లీ మొదటి నుంచి, ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త బాధగా చెబుతారు. దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఎందుకంటే ఇప్పుడు బల్ల మీద ఉన్నది ఆ కథ ఒక్కటే కాదు, అధికారి రాసిన లేఖ కూడా ఉంది. ఫలానా కారణాల వల్ల నమ్మడం లేదు, లేదా నమ్మినా ప్రమాదం లేదు అని అందులో పేరాల వారీగా రాసి ఉంటుంది. జడ్జి ఆ పేరాలు చదివే వస్తారు. మనం ఆ పేరాలకు జవాబు చెప్పకపోతే, అవి చెక్కుచెదరకుండా అలాగే ఉండిపోతాయి.

కాబట్టి మొదట లేఖ చదవండి. చదవడమంటే చివరి పేజీలో 'తిరస్కరించడమైనది' అన్న ముక్క చూసి కూలబడిపోవడం కాదు. పెన్సిలు పట్టుకుని ప్రతి పేరా పక్కన ఒక గుర్తు పెట్టండి: దీన్ని ఒప్పుకున్నారా, కాదన్నారా, అసలు పట్టించుకోలేదా? ఒప్పుకున్నవి కూడా ఉంటాయి, ఆశ్చర్యపోకండి. 'మీరు ఫలానా దేశస్థులని అంగీకరిస్తున్నాం, మీరు ఆ మతానికి చెందినవారని అంగీకరిస్తున్నాం' అని ఉంటే సగం భారం దిగినట్టే. ఒప్పుకున్నదాన్ని మళ్లీ నిరూపించడానికి పది పేజీలు ఖర్చుపెట్టేవాళ్లను చూస్తుంటాను. ఆ పది పేజీలు కాదన్నచోట పెట్టాలి.

తిరస్కరణలు మోటుగా మూడు రకాలు. ఒకటి, 'మీ మాట నమ్మం.' రెండు, 'నమ్ముతాం గానీ మీకు జరిగింది వివక్షే తప్ప పీడన అనేంత తీవ్రమైనది కాదు.' మూడు, 'నిజమే, కానీ అక్కడి పోలీసులు కాపాడగలరు, లేదా మీరు వేరే ఊరికి వెళ్లి ఉండొచ్చు, లేదా నోరు మూసుకుని ఉంటే మీ జోలికి ఎవరూ రారు.' చాలా లేఖల్లో ఈ మూడూ కలిసే ఉంటాయి. 'నమ్మం, ఒకవేళ నమ్మినా...' అని మొదలవుతుంది రెండో భాగం. ఆ రెండో భాగానికి జవాబు రాయడం మర్చిపోయి ఓడిపోయిన అప్పీళ్లు కొల్లలు. జడ్జి మిమ్మల్ని పూర్తిగా నమ్మి కూడా, వేరే ఊరికి వెళ్లి ఉండొచ్చు కదా అనే ఒక్క ప్రశ్న మీద అప్పీలు కొట్టేయవచ్చు.

గడువు సంగతి త్వరగా చెప్పేస్తాను. 1951 జెనీవా శరణార్థుల ఒప్పందంలో శరణార్థి అంటే ఎవరో ఉంది, ప్రమాదం ఉన్నచోటికి తిప్పి పంపకూడదని 33వ అధికరణం ఉంది. అప్పీలు ఎలా చేయాలి, ఎన్ని రోజుల్లో చేయాలి అన్నది మాత్రం అందులో లేదు. అది ఏ దేశానికి ఆ దేశం రాసుకున్న చట్టం. బ్రిటన్‌లో ఉండి అప్పీలు చేసేవారికి 14 రోజులు. జర్మనీలో మామూలుగా రెండు వారాలు, 'స్పష్టంగా ఆధారం లేనిది' అని ముద్ర వేసి తిరస్కరిస్తే ఒక్క వారమే. ఈ నియమాలు తరచుగా మారుతుంటాయి కాబట్టి, నేను చెప్పానని కాదు, మీ చేతిలోని లేఖలో ఏం రాసుందో దాన్నే పట్టుకోండి. కవరు పారేయకండి. లేఖ ఎప్పుడు పంపారు, ఎప్పుడు అందింది అన్నదే పెద్ద గొడవ అవుతుంది ఒక్కోసారి. అలాగే కొన్ని తిరస్కరణల్లో అప్పీలు వేసినంత మాత్రాన దేశం నుంచి పంపడం ఆగదు. ఆపమని విడిగా అడగాలి. మొదటి రోజే తేల్చుకోవాల్సిన విషయమది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. మీ అప్పీలు వినేవాళ్లు వాస్తవాలు మళ్లీ మొదటి నుంచి చూస్తారా, లేక కింది నిర్ణయంలో చట్టపరమైన తప్పు ఉందా అని మాత్రమే చూస్తారా? బ్రిటన్‌లో మొదటి మెట్టు ట్రిబ్యునల్ వాస్తవాలన్నీ మళ్లీ చూస్తుంది, మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు, కొత్త సాక్ష్యం పెట్టొచ్చు. దాని పైనున్న అప్పర్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే చట్టపరమైన తప్పు చూపించాలి. ఫ్రాన్సులో ఆశ్రయం దరఖాస్తులు చూసే ఆఫ్‌ప్రా అనే కార్యాలయం తిరస్కరిస్తే జాతీయ ఆశ్రయ న్యాయస్థానం కేసు మొత్తం కొత్తగా చూస్తుంది. అమెరికాలో ఇమ్మిగ్రేషన్ జడ్జి మీద అప్పీలు వినే బోర్డు మామూలుగా కొత్త సాక్ష్యం తీసుకోదు. అంటే అక్కడ ఏం పెట్టినా కింద జడ్జి ముందే పెట్టేయాలి. తర్వాత చూసుకుందాంలే అని దాచుకున్న కాగితం తర్వాత ఎందుకూ పనికిరాకపోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మతం కేసుల్లో ఎక్కువ తిరస్కరణలు నమ్మకం దగ్గరే జరుగుతాయి. రాజకీయ కేసులో పార్టీ కార్డు ఉంటుంది, ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. మనిషి లోపలున్న విశ్వాసానికి ఏ కార్డు ఉంటుంది? అధికారికి కూడా అది కష్టమే, ఆ మాట ఒప్పుకోవాలి. అబద్ధం చెప్పేవాళ్లు ఉన్నారు, అది దాచేదేం లేదు. కానీ ఆ కష్టం తప్పించుకోవడానికి అధికారులు పట్టుకున్న సులువైన దారి క్విజ్ పోటీ. పది ఆజ్ఞలు చెప్పు, పన్నెండుమంది శిష్యుల పేర్లు చెప్పు, ఫలానా పండుగ ఎప్పుడొస్తుంది చెప్పు.

దీనికి రెండు ఉదాహరణలు చెబుతాను, రెండూ బ్రిటన్‌లో వార్తల్లోకెక్కినవే. పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒకాయన తాను ఇస్లాం వదిలేశానని, హ్యూమనిస్టునని, అంటే దేవుడి మీద కాక మనిషి మీదే నమ్మకం పెట్టుకున్నవాడినని చెప్పాడు. ప్లేటో, అరిస్టాటిల్ పేర్లు చెప్పలేకపోయాడన్నది కూడా ఒక కారణంగా చూపి 2018లో ఆయన్ని నమ్మలేదు. వందమందికి పైగా తత్వశాస్త్రజ్ఞులు ఇదేం పద్ధతని బహిరంగ లేఖ రాశారు. ఆయన 2019లో అప్పీలు గెలిచాడు. ఆ 2019లోనే ఇంకో లేఖ బయటికొచ్చింది. ఇరాన్ నుంచి వచ్చి క్రైస్తవుడైన ఒకాయన, ఇది శాంతి మతం అనిపించి మారానన్నాడు. అధికారి బైబిల్లోంచి ప్రకటన గ్రంథం వాక్యాలు తీసి చూపించి, ఇందులో ఇంత హింస ఉంటే శాంతి మతం ఎలా అవుతుంది, కాబట్టి మీ మాట పొసగదు అని రాశాడు. (నవ్వులు) నవ్వొస్తుంది గానీ, ఆ కాగితం అందుకున్నవాడికి నవ్వు రాదు. అది తమ విధానానికి విరుద్ధమని హోం ఆఫీసే, అంటే ఆశ్రయం దరఖాస్తులు చూసే బ్రిటన్ హోం శాఖే, ఒప్పుకుని కేసు మళ్లీ చూస్తామంది.

ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ మతపరమైన కేసుల మీద 2004 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పీలు రాసేవాళ్లు పక్కన పెట్టుకోవాల్సిన కాగితం. మతం అంటే సిద్ధాంతం ఒక్కటే కాదు, అది విశ్వాసం కావచ్చు, గుర్తింపు కావచ్చు, బతికే తీరు కావచ్చు అంటుంది. ఫలానా మతంవాడని ఎదుటివాళ్లు ముద్ర వేసి వేధిస్తుంటే, ఆ మతం గురించి ఆ మనిషికి ఏమీ తెలియకపోయినా రక్షణ దొరకవచ్చు అని కూడా ఉంది. విశ్వాసం లేకపోవడం కూడా ఇందులోకే వస్తుంది. ఎవరికి రక్షణ ఇవ్వాలో సభ్యదేశాలకు చెప్పే ఐరోపా సమాఖ్య 2011 నాటి అర్హతల నిర్దేశంలో నాస్తిక నమ్మకాలను కూడా మతం నిర్వచనంలోనే చేర్చారు.

సరే, ఇవన్నీ సూత్రాలు. మీ లేఖలో క్విజ్ పేరా ఉంటే చేతిలో పెన్నుతో ఏం రాస్తారు? ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 14వ పేరాలో ఇలా ఉందనుకోండి: 'పెంతెకొస్తు పండుగ అంటే ఏమిటని అడగగా మీరు వివరించలేకపోయారు. రెండేళ్లుగా క్రైస్తవుడినని చెప్పే వ్యక్తికి ఇది తెలియకపోవడం నమ్మశక్యంగా లేదు.'

దీనికి జవాబుగా చాలామంది ఏం రాస్తారంటే, 'నేను నిజమైన క్రైస్తవుడిని, ఆ రోజు టెన్షన్‌లో మర్చిపోయాను.' ఇది జవాబు కాదు. కొందరు ఇంకా ముందుకెళ్లి, ఆ తర్వాత కంఠస్థం చేసిన పెంతెకొస్తు వివరమంతా వాంగ్మూలంలో రాసేస్తారు. అది ఇంకా ప్రమాదం, నిన్న బట్టీపట్టినట్టే కనిపిస్తుంది.

ఆ మనిషితో కూర్చుని నిదానంగా అడిగితే ఏం బయటికొస్తుందో చూడండి. వాళ్ల ప్రార్థన కూటం ఒక ఇంట్లో జరిగేది. ఐదారుగురు వచ్చేవాళ్లు, ఒక్కొక్కరూ పది నిమిషాల తేడాతో. ఫోన్లు ఇంట్లోనే వదిలేసి రావాలి. బైబిలు మొత్తం ఎవరి దగ్గరా లేదు, యోహాను సువార్త ఒక్కటి ఫొటోకాపీ తీసి, కాగితాలు విడదీసి పంచుకున్నారు. పాటలు పాడేవాళ్లు కాదు, గోడ పక్కింటికి వినిపిస్తుందని. పండుగలు చేసుకోలేదు, పండుగ రోజుల్లో నిఘా ఎక్కువని ఆ రోజుల్లో అసలు కలిసేవాళ్లే కాదు. ఇప్పుడు చెప్పండి, ఆ మనిషికి పెంతెకొస్తు ఎలా తెలుస్తుంది? తెలియకపోవడమే ఆయన చెప్పిన బతుకుతో సరిగ్గా కుదురుతోంది. యోహాను సువార్తలో ఏముందని అధికారి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అరగంట మాట్లాడేవాడు. వాంగ్మూలంలో రాయాల్సింది ఇదీ. 'ఇంటర్వ్యూలో 47వ ప్రశ్నకు నేనిచ్చిన జవాబు గురించి' అని మొదలుపెట్టి, ప్రశ్న నంబరు వేసి, ఈ వివరమంతా రాయాలి. ఇంటర్వ్యూ కాపీ ముందు పెట్టుకోకుండా వాంగ్మూలం రాయకండి. ఒక అంకె తేడా పడితే అదే తర్వాత కొత్త అబద్ధమవుతుంది.

ఇలాంటి వివరం ఎవరూ కల్పించి రాయకూడదు. మీరు సాయం చేసేవాళ్లయితే, నోటికి అందించకండి. 'ఫోన్లు బయట పెట్టేవాళ్లా?' అని అడగడం వేరు, 'కూటానికి వెళ్లిన ఒక రోజు గురించి, ఇంట్లోంచి బయల్దేరినప్పటి నుంచి చెప్పండి' అనడం వేరు. రెండోది అడిగి ఊరుకోండి. గంట పట్టనివ్వండి.

రెండో పెద్ద పేరా, నేను 'నోరు మూసుకుని ఉండు' పేరా అంటాను. లేఖలో అంత మొరటుగా ఉండదు. 'మీరు మీ విశ్వాసాన్ని వ్యక్తిగతంగా, గోప్యంగా పాటించుకోవచ్చు' అని మర్యాదగా ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే పాకిస్తాన్‌లో అహ్మదీయుల పరిస్థితి చూడాలి. వాళ్లు తమను ముస్లిములనే అనుకుంటారు. 1974లో రాజ్యాంగాన్ని సవరించి వాళ్లు ముస్లిములు కారన్నారు. 1984లో వచ్చిన 20వ ఆర్డినెన్సు ఇంకా ముందుకెళ్లింది. అహ్మదీయుడు తనను ముస్లిమునని చెప్పుకున్నా, తన ప్రార్థనా స్థలాన్ని మసీదు అన్నా, ప్రార్థనకు పిలుపును అజాన్ అన్నా, ఇతరులకు తన మతం బోధించినా మూడేళ్ల దాకా జైలు. ఇప్పుడు ఇంట్లో తలుపు వేసుకుని ప్రార్థించుకుంటే ఎవరూ పట్టుకోరు, కాబట్టి ప్రమాదం లేదు అనొచ్చా?

అనకూడదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2012 సెప్టెంబరు 5న చెప్పింది. జర్మనీలో ఆశ్రయం కోరిన ఇద్దరు అహ్మదీయుల కేసులది. మతస్వేచ్ఛలో ఇంట్లో చేసుకునేదే ముఖ్యం, బయట చేసేది అదనం అని విడదీయడం కుదరదంది. తిరిగి వెళ్లాక ఆ మనిషి తన మతాచారం పాటిస్తాడని, దానివల్ల నిజమైన ప్రమాదంలో పడతాడని తేలితే, పాటించకుండా ఉండొచ్చు కదా అని అధికారులు అనలేరంది. అదే తీర్పులో ఇంకో ముక్క కూడా ఉంది, మనవాళ్లు దాన్ని వదిలేస్తుంటారు. మతస్వేచ్ఛకు కలిగే ప్రతి అడ్డంకీ పీడన కాదు, అది తీవ్రమైనది కావాలి. ఆ మనిషి మతపరమైన గుర్తింపుకు ఆ బహిరంగ ఆచారం ఎంత ముఖ్యమన్నది కూడా చూడాలి. అంటే ఆ 'ఎంత ముఖ్యం' అన్నదానికి సాక్ష్యం మనం పెట్టాలి. అక్కడ ఉన్నప్పుడు ఏం చేశాడు, ఇక్కడ స్వేచ్ఛ దొరికాక ఏం చేస్తున్నాడు, ఏది చేయలేక నలిగిపోయాడు. ఇవన్నీ రాయాలి.

అంతకు రెండేళ్ల ముందే, 2010 జులై 7న, బ్రిటన్ సుప్రీంకోర్టు ఇలాంటి ప్రశ్నకే జవాబిచ్చింది. అది మతం కేసు కాదు, ఇరాన్, కామెరూన్‌లకు చెందిన ఇద్దరు స్వలింగ సంపర్కులది. కానీ సూత్రం మతానికీ అతుకుతుంది. తిరిగి వెళ్లాక ఈ మనిషి దాచుకుని బతుకుతాడని తేలిందనుకోండి. అక్కడితో ఆగకూడదు, ఎందుకు దాచుకుంటాడు అని అడగాలంది కోర్టు. తనకే హడావుడి ఇష్టం లేక అయితే అది వేరు. పట్టుకుంటారన్న భయం ఒక ముఖ్య కారణమైతే అతను శరణార్థే. 2012లో జింబాబ్వే కేసులో అదే కోర్టు, ఏ రాజకీయ నమ్మకమూ లేనివాడు ప్రాణభయం వల్ల అలాంటి నమ్మకం ఉన్నట్టు నటించాల్సి వచ్చినా రక్షణ ఉందంది.

ఈ 'ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు వాంగ్మూలంలో లేకపోతే జడ్జి ఊహించుకోవాల్సి వస్తుంది. విచారణలో ఒక ప్రశ్న దాదాపు తప్పకుండా వస్తుంది: 'మీరు తిరిగి వెళితే చర్చికి వెళతారా?' భయపడ్డ మనిషి నిజాయితీగా 'ఎలా వెళతానండీ, చంపేస్తారు' అంటాడు. ఫైల్లో 'వెళ్లనని చెప్పారు' అని పడుతుంది. ఆ జవాబులో రెండో సగమే అతన్ని కాపాడేది. అందుకే వాంగ్మూలంలోనే రాసి పెట్టండి: భయం లేకపోతే ఏం చేసేవాడు, భయం ఉంది కాబట్టి ఏం మానుకుంటాడు. వేరే ఊరికి వెళ్లొచ్చు అన్న పేరాకు కూడా ఇదే జవాబు కొంతవరకు పనిచేస్తుంది. కొత్త ఊళ్లో మతం దాచుకుంటేనే క్షేమం అంటే ఆ ఊరు క్షేమం కాదు.

మూడోది, ఇక్కడికి వచ్చాక మతం మారినవాళ్లు. ఇది అందరికంటే కష్టమైన కేసు. అధికారి మనసులో ముందే ఒక మాట ఉంటుంది: కాగితాల కోసం మారాడు. దాన్ని పైకి అనకపోయినా ప్రతి వాక్యంలో వినిపిస్తుంది.

చట్టం ఇక్కడ మనవైపు కొంత ఉంది. 2016 మార్చి 23న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం పెద్ద ధర్మాసనం స్వీడన్ కేసు ఒకటి తేల్చింది. ఇరాన్ మనిషి, స్వీడన్‌లో క్రైస్తవుడయ్యాడు. మొదట్లో తానే, ఇది నా సొంత విషయం, దీన్ని ఆశ్రయానికి వాడుకోను అన్నాడు. తర్వాత దాన్నే ఎత్తితే అధికారులు వినలేదు. కోర్టు ఏమందంటే, ప్రాణానికి ముప్పు ఉండొచ్చని తెలిసినప్పుడు, అతను వద్దన్నాడు కదా అని కళ్లు మూసుకోకూడదు, మతమార్పిడి వల్ల వచ్చే ప్రమాదం చూడకుండా పంపితే హక్కుల ఉల్లంఘనే. 2024 ఫిబ్రవరి 29న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఆస్ట్రియా కేసులో ఇంకో తలుపు తెరిచింది. వచ్చాక ఏర్పడిన నమ్మకం స్వదేశంలో ఉన్నప్పటి నమ్మకానికి కొనసాగింపు అయితేనే ఒప్పుకుంటామని యాంత్రికంగా తోసిపుచ్చడం కుదరదంది, ప్రతి కేసూ విడిగా చూడాలంది.

కానీ బాప్తిస్మం సర్టిఫికెట్ చూపిస్తే చాలనుకునేవాళ్లకు జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2020 ఏప్రిల్ 3న ఇచ్చిన నిర్ణయం చెప్పాలి. బాప్తిస్మం చెల్లుతుందా లేదా అన్నది చర్చి ఇష్టం. ఆ మనిషి లోపల నిజంగా మారాడా, తిరిగి వెళ్లాక అలా బతుకుతాడా అన్నది మాత్రం కోర్టు స్వయంగా చూడవచ్చు. చర్చి ఒప్పుకుంది కాబట్టి మీరూ ఒప్పుకోండి అంటే చెల్లదు.

అందుకే పాస్టరుగారి లేఖ గురించి కాస్త గట్టిగా చెబుతాను. 'ఈ సహోదరుడు మా సంఘంలో నమ్మకమైన సభ్యుడు, భక్తిపరుడు, దయచేసి ఈయనకు అనుమతి ఇవ్వగలరని ప్రార్థన.' ఇలాంటి లేఖలు నేను చాలా చదివాను. ప్రేమతో రాస్తారు, సందేహం లేదు. కానీ ఇందులో జడ్జికి పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు. పనికొచ్చే లేఖలో ఏముంటుందంటే, ఈయన మొదటిసారి ఏ నెలలో వచ్చారు, ఎవరు తీసుకొచ్చారు, వారానికి ఎన్నిసార్లు వస్తారు, ఏ పని చేస్తారు, బాప్తిస్మానికి ముందు ఎన్నాళ్లు నేర్చుకున్నారు, ఏ విషయంలో సందేహపడ్డారు, ఏం మారింది. అసైలం దరఖాస్తు తిరస్కరించారని పాస్టరుకు ఎప్పుడు తెలిసింది. అన్నిటికంటే ముఖ్యం, ఇదే కారణంతో వచ్చిన ఇంకెవరికైనా లేఖ ఇవ్వనని చెప్పారా. అడిగినవాళ్లందరికీ రాసిచ్చే పాస్టరు మాటకు, కొందరిని వద్దన్న పాస్టరు మాటకు చాలా తేడా ఉంది.

లేఖ ఇచ్చి ఊరుకోకూడదు, విచారణకు వచ్చి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. స్కాట్లాండ్ పెద్ద కోర్టు 2018లో ఇరాన్ నుంచి వచ్చినవాళ్ల కేసులో, చర్చిలో ఇలాంటివాళ్లను దగ్గరగా గమనించి అనుభవం ఉన్నవాళ్ల సాక్ష్యానికి విలువ ఉందని, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదని చెప్పింది. అదే తీర్పులో ఇంకో మంచి మాట: ముందు ఒక విషయంలో అబద్ధం చెప్పిన మనిషి తర్వాత నిజంగా విశ్వాసి కాలేడని అనుకోకూడదు. విశ్వాసులందరూ మొదటి నుంచీ సత్యసంధులే అయ్యుంటే చర్చిలు, గుళ్లు, మసీదులు ఖాళీగా ఉండేవి. (నవ్వులు)

బ్రిటన్‌లో కేసు నడుపుతున్నవాళ్లకు ఒక జాగ్రత్త. దరఖాస్తులో లేని కొత్త కారణం, అంటే అప్పీలు వేశాక మతం మారడం లాంటిది, ట్రిబ్యునల్ వినాలంటే హోం ఆఫీసు ఒప్పుకోవాలి. చివరి నిమిషంలో సంచిలోంచి తీసి బల్ల మీద పెడతామంటే కుదరదు. తెలిసిన వెంటనే రాసి పంపండి.

ఎంత నిరూపించాలి అన్నదాని మీద రెండు మాటలు. భవిష్యత్తులో జరగబోయేదాన్ని ఎవరూ పక్కాగా నిరూపించలేరు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు, పదింట ఒక వంతు అవకాశం ఉన్నా అది శరణార్థి నిర్వచనం అడిగే 'ఆధారం ఉన్న భయమే' కావొచ్చంది. చాలామంది ఒకటి అనుకుంటారు, సగానికి పైగా అవకాశం చూపాలని. అక్కర్లేదు. బ్రిటన్‌లో మాత్రం 2022 జూన్ 28 నుంచి వేసిన దరఖాస్తులకు లెక్క మారింది. మీరు ఆ మతంవారే, మీకు నిజంగా భయం ఉంది అన్న భాగాన్ని 'కాదనడం కంటే అవుననడానికే ఎక్కువ అవకాశం' అనేంతవరకు చూపాలి. తిరిగి పంపితే హాని జరుగుతుందా అన్న భాగానికి పాత తక్కువ కొలతే. లేఖలో అధికారి ఈ రెండింటినీ కలిపేసి, అంతా పెద్ద కొలతతో కొలిచేశాడేమో చూడండి. అలా చేస్తే అదే ఒక అప్పీలు కారణం.

వైద్య నివేదికలు, దేశ పరిస్థితుల నిపుణుల నివేదికలు ఉంటే వాటిని మిగతా సాక్ష్యంతో కలిపి చూడాలి. ముందు మనిషిని నమ్మనని తేల్చేసి, ఆ తర్వాత నివేదిక చదివి 'నమ్మని మనిషి చెప్పింది రాశారు కదా' అని పక్కన పెట్టడం తప్పని 2005లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు చెప్పింది. ఇది పైమెట్టుకు వెళ్లేవాళ్లకు చాలా పనికొస్తుంది.

విచారణ రోజు గురించి పెద్దగా చెప్పేది లేదు. ప్రశ్న అర్థం కాకపోతే అర్థం కాలేదనండి. తారీకు గుర్తులేకపోతే లేదనండి, ఊహించి చెప్పకండి. దుబాసీ మాట్లాడే యాస అర్థం కాకపోతే మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పాలి, ఓడిపోయాక చెబితే ఎవరూ వినరు.

ఇక ప్రశ్నలు అడగండి.

(సభలో ఒక మహిళ: మా దగ్గరికొచ్చే ఒకావిడకు మతం గురించి ఏమీ తెలియదండీ. భర్త మతం మారాడు, ఈవిడ వెంట నడిచింది. ఇంటిమీద దాడి జరిగింది. ఈవిడకు సొంతంగా కేసు ఉన్నట్టా?)

ఉన్నట్టే అమ్మా. దాడి చేసినవాళ్లు ఆవిడ్ని బోధన అడిగి కొట్టలేదు కదా. వాళ్ల కంట్లో ఆవిడ ఆ మతంది, అంతే. ఇందాక చెప్పిన 2004 మార్గదర్శకాల్లో, ఆడవాళ్లకు మతం గురించి నేర్చుకునే అవకాశం తక్కువగా ఉండొచ్చని, ఆ సంగతి గుర్తుపెట్టుకుని ప్రశ్నలు అడగాలని కూడా ఉంది. ఆవిడ వాంగ్మూలం భర్తది కాపీ చేయకండి. వంటింట్లోంచి ఏం చూసింది, పిల్లల బడిలో ఏమన్నారు, బావి దగ్గర ఎవరు మాట్లాడటం మానేశారు, అవి ఆవిడకే తెలుసు. ఆవిడను విడిగా కూర్చోబెట్టి, భర్త లేకుండా అడగండి.

(ఒక యువకుడు: లాయరు చెప్పాల్సినవన్నీ వాంగ్మూలంలో పెట్టమంటున్నారు. మేం తీర్పులన్నీ కూడా అందులో రాయాలా సార్?)

వద్దు. వాంగ్మూలం ఆ మనిషి గొంతు. అందులో 2012 తీర్పు ప్రకారం అని ఉంటే ఎవరో రాసిచ్చారని వెంటనే తెలిసిపోతుంది. తీర్పులు విడిగా వాదనల పత్రంలో పెట్టాలి.

(ఒక పెద్దాయన: అప్పీలు కూడా పోతే? ఇక అంతేనా?)

దేశాన్ని బట్టి ఉంటుందండీ. పైకోర్టుకు వెళ్లాలంటే మామూలుగా చట్టపరమైన తప్పు చూపాలి, అది చూపలేనప్పుడు డబ్బు, నెలలు రెండూ పోగొట్టుకోవద్దని నేను మొహమాటం లేకుండా చెప్పేస్తాను. కొత్త సాక్ష్యం దొరికితే వేరే దారి ఉంది. బ్రిటన్‌లో తాజా వివరాలు సమర్పించి, దాన్ని కొత్త దరఖాస్తుగా తీసుకోమని అడగొచ్చు. అమెరికాలో కేసు తిరిగి తెరవమని అడగడానికి మామూలుగా 90 రోజులు, స్వదేశంలో పరిస్థితులు మారాయని చూపితే ఆ గడువు వర్తించదు. ఎక్కడైనా ఒకటే అడ్డంకి: పాత జడ్జి నమ్మలేదన్న తీర్పు ఫైల్లో ఉండిపోతుంది, కొత్తగా చూసేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు. కాబట్టి పాత కథకే కొత్త ఫొటోలు అంటించి పంపితే లాభం లేదు. పాత తీర్పు వచ్చిన తారీకు తర్వాత ఏం జరిగింది? అక్కడ కూటంలో ఎవరినైనా అరెస్టు చేశారా, కొత్త చట్టం వచ్చిందా, ఇంటికి సమన్లు వచ్చాయా? పాత కాగితమే అయితే, అప్పుడు ఎందుకు తేలేకపోయారో కారణం చూపగలరా? ఆ తారీకు పైన రాసుకుని, కింద ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకురండి. అది చూశాక దారి ఉందో లేదో చెబుతాను.